మూడు నల్ల సున్నాలు

ముందే ఒప్పేసుకుంటున్నాను, చివర్లో చెప్పి మోసం చేసిందని మీరు అనకుండా. ఈ కథలో తప్పు చేసింది నేను. మా నాన్న కాదు, రష్యా వాళ్ళు కాదు, టోక్యో ఆఫీసు వాళ్ళు అసలే కాదు. ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. ఆ తప్పు నన్ను మంచిదాన్నేమీ చెయ్యలేదు. మా ఇంట్లో ఎవర్నీ ఎవరికీ దగ్గర చెయ్యలేదు. అలాంటి కథ కావాలంటే ఇక్కడే ఆపెయ్యండి, నేనేమీ అనుకోను.

ఆ ఏడాది జూన్ మొదట్లో మాస్కోలో దిగాను. వయసు ఇరవై నాలుగు. చేతిలో టెక్నికల్ కాలేజీ డిగ్రీ, వెనకాల మూడు నెలల కిందట మానేసిన ఉద్యోగం. విమానాశ్రయానికి నాన్న రాలేదు. ఇంటి తలుపు తీసి, నన్ను వదిలేసి నా పెట్టె వైపు చూసి, అడిగిన మొదటి మాట ఇది:

“కంపెనీ నిన్ను వదిలించుకుందా, నువ్వు కంపెనీని వదిలించుకున్నావా?”

“ఇద్దరికీ ఒకే రోజు అనిపించింది నాన్నా.”

“అయితే మాట్లాడుకోడానికేం లేదు. చెప్పులు వాకిలి వైపు తిప్పి పెట్టు.”

మా నాన్న ఉకాయ్ తకెహికో, టోక్యోలోని ఒక పత్రికకి మాస్కో విలేకరి. ఇరవై రెండేళ్ళుగా రష్యా వార్తలు తప్ప ఇంకోటి రాయలేదు. మధ్యలో రెండుసార్లు టోక్యోకి పిలిచి కుర్చీ ఇచ్చారు. రెండుసార్లూ ఆ కుర్చీ పడక తిరిగి మాస్కో వచ్చేశాడు. ఇప్పుడు మూడోసారి పిలుస్తున్నారు. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది, ఆ రెండేళ్ళూ ఇక్కడే ఉండనివ్వండని ఆయన ఉత్తరం రాసి పంపాడు. జవాబు జూలై నెలాఖరుకి వస్తుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఒక్కరూ నోరెత్తరు. నాన్న ఎత్తడు, భయం. అమ్మ ఎత్తదు, ఎందుకంటే అమ్మకి ఆ జవాబు ‘కుదరదు’ అనే రావాలి.

ఇల్లూ ఆఫీసూ ఒకే అంతస్తులో పక్కపక్కన ఉండేవి, మధ్య గోడకి ఎప్పుడో తలుపు కొట్టించారు. తలుపుకి ఇవతల అమ్మ, మిసో పులుసు వాసన, కిటికీలో ఆకుకూర కుండీలు. అవతల నాన్న, ఆయన సహాయకురాలు జినైదా అర్కాద్యేవ్నా, ఆవిడ సిగరెట్ పొగ. అమ్మకీ జినైదాకీ ఆరేళ్ళుగా మాటల్లేవు. ఏదైనా చెప్పాలంటే అమ్మ వచ్చీరాని రష్యన్‌లో చీటీ రాసి తలుపు కిందనుంచి తోసేది. ‘కిటికీ తెరవండి, పొగ వస్తోంది.’ అదే చీటీ వెనకాల జవాబు రాసి అటునుంచి ఇటు తోసేది ఆవిడ. ‘తెరిస్తే దూది వస్తుంది.’ ఇద్దరిదీ నిజమే. జూన్‌లో ఊరంతా పోప్లర్ చెట్ల దూది. ముక్కుల్లోకి, పులుసుల్లోకి, ప్రింటర్లోకి కూడా.

జినైదాకి అరవై దగ్గర పడుతున్నాయి. పందొమ్మిదేళ్ళుగా పొద్దున్నే తొమ్మిదింటికి వచ్చి, రష్యా పేపర్లు కత్తెరతో కత్తిరించి, ఏ ముక్కలో ఏముందో పైన రాసి నాన్న బల్ల మీద పెడుతుంది. పెట్టిన ఐదో నిమిషానికి గొడవ మొదలు.

“మళ్ళీ కురిల్ దీవులు అని రాశారు. అవి మావి. వాటికి మా పేరుంది.”

“ఉకాయ్ గారూ, నేను మా పేపర్లో ఉన్నది రాశాను. మీ పేపరు నేను రాయడం లేదు.”

“నా బల్ల మీదకొచ్చే కాగితంలో ఆ మాట ఉండటానికి వీల్లేదు.”

“మీ మ్యాపులో మీవి, మా మ్యాపులో మావి. పోయి పీతల్ని అడగండి ఎవరివో.”

“పీతలు మా పడవల్లోకే ఎక్కుతున్నాయి.”

“అందుకే మీ పడవ మా రేవులో ఉంది.”

నాన్న ఆ కాగితాన్ని బల్ల మీద బోర్లా తిప్పి పెట్టాడు. ఇంతలా అరుచుకునే వీళ్ళిద్దరూ పందొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ‘మీరు’ లోంచి ‘నువ్వు’ లోకి దిగలేదట. ఆ గోడకి రెండు పక్కలా కలిపి నేను చూసిన మర్యాద అంతే.

పడవ సంగతేమిటంటే, నేను దిగిన మూడో రోజున జపాన్ ఉత్తరాన హొక్కైదో తూర్పు కొసలోని నెమురో ఊరి పీతల పడవ ఒకదాన్ని రష్యా కాపలా వాళ్ళు పట్టుకుని ఆ దీవుల్లోనే ఒకటైన కునాషిర్ రేవుకి లాక్కెళ్ళారు. సముద్రంలో సరిహద్దు గీత దాటిందని రష్యా వాళ్ళు, దాటలేదని మా వాళ్ళు. లోపల ఆరుగురు మనుషులు. ఏ రేవులో ఉంచారో అందరికన్నా ముందు కనిపెట్టి రాసింది నాన్నే. టోక్యో మెచ్చుకుంది కూడా. ఈ ఒక్క వ్యవహారం చివరిదాకా సరిగ్గా నడిపితే రెండేళ్ళు ఇచ్చేస్తారని ఆయనకి ఆశ పుట్టింది. ఆశ పుట్టినప్పుడు మా నాన్న ఇంకా చిరాగ్గా ఉంటాడు.

పేపర్లో నాన్న పేరు చూసి, పడవ కెప్టెన్ హమయా గారి భార్య ఆఫీసుకి ఫోన్ చెయ్యడం మొదలుపెట్టింది. రోజూ పదకొండింటికి. నెమురోలో అప్పుడు సాయంత్రం ఐదు. ఆ ఒక్క ఫోన్‌కీ నాన్న లేచి నిలబడి మాట్లాడేవాడు.

“లేదండీ, ఇవాళ కొత్తగా ఏమీ లేదు. ఆరోగ్యం బాగుందనే విన్నాను. అలాగేనండీ. రేపు చెయ్యండి.”

“కూర్చుని మాట్లాడొచ్చుగా, ఆవిడకేం కనపడదు,” అన్నాను ఒకసారి.

“నీకు ఉద్యోగం ఎందుకు నిలవలేదో ఇప్పుడర్థమైంది,” అన్నాడు.

ఊరికే తిని కూర్చోకూడదని ఆఫీసు కంప్యూటర్లు నాకు అప్పజెప్పాడు. ఆఫీసు కంప్యూటర్లంటే పెద్దగా ఊహించుకోకండి. మూడు మెషీన్లు, అందులో ఒకటి పూలకుండీ కింద పెట్టుకోడానికి తప్ప పనికిరాదు. నాన్న మెషీను పావుగంటకోసారి బిగుసుకుపోయేది. దానిమీద ఆయన రెండు వేళ్ళతో టైపు చేసేవాడు. ఒక్క వార్తకి నలభై నిమిషాలు.

“తెలుసుకోవడం అందరికన్నా ముందు, పంపడం అందరికన్నా వెనక. అదీ మీ నాన్నగారు,” అంది జినైదా. “పోయిన చలికాలం ఇలాగే ఒక పెద్ద వార్త తెల్లారి పేపరుకి అందలేదు. టోక్యో నుంచి ఫోన్లో తిట్లు. నాకు జపనీస్ రాదనుకుని స్పీకరు కూడా ఆపలేదు.”

“మీకు వచ్చుగా.”

“పందొమ్మిదేళ్ళు తిట్లు విన్నాక ఎవరికైనా వస్తుంది.”

జూలై పధ్నాలుగున జపాన్ రాయబార కార్యాలయంలో మా విలేకర్లందర్నీ పిలిచి చెప్పారు. ఆరుగుర్నీ పద్దెనిమిదో తేదీన వదిలేస్తున్నారు, పొద్దున పడవ బయల్దేరుతుంది. కానీ ఒక షరతు. ఆరుగురూ జపాన్ నీళ్ళలోకి వచ్చేదాకా ఒక్క పత్రికా ఒక్క ముక్క రాయకూడదు. ముందే బయటపడితే ఆ దీవుల్లో ఎవడో గోల చేస్తాడు, పై అధికారి వెనక్కి తగ్గుతాడు. విలేకర్ల సంఘం అంతా సరేనంది. మా వాళ్ళలో ఇలాంటి కట్టుబాటు చేసుకుంటే చేసుకున్నట్టే. సంతకాలుండవు. తప్పినవాణ్ణి మాత్రం ఎవరూ దగ్గరికి రానివ్వరు.

ఆ సాయంత్రమే నాన్న ‘ముందురాత’ రాసేశాడు. రేపు జరగబోయేదాన్ని జరిగిపోయినట్టు ఇవాళే రాసి పెట్టుకోవడం వీళ్ళ పద్ధతి. జరగ్గానే క్షణంలో పంపెయ్యొచ్చని. గళ్ళ కాగితం మీద పెన్సిలుతో రాసి నా ముందు పెట్టాడు.

‘నిర్బంధంలో ఉన్న నెమురో పడవలోని ఆరుగురినీ రష్యా అధికారులు ●● తేదీ ●● గంటలకు విడుదల చేశారు. పడవ ●● దగ్గర మన గస్తీ నౌకను కలుసుకుంది…’

“ఈ నల్ల సున్నాలేంటి?”

“ఇంకా తెలియనివి.”

“ఖాళీ వదిలెయ్యొచ్చుగా?”

“ఖాళీ వదిలితే కన్ను దాటేసి పోతుంది. సున్నా దగ్గర ఆగుతుంది. టోక్యోలో వార్తలు దిద్దే డెస్కులో ఉన్నవాడికి నా రాతలో సున్నా కనిపిస్తే అది జరగలేదని అర్థం. కనిపించకపోతే జరిగిందని. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా వాళ్ళు ఫోన్ చేసి ‘ఇది నిజమేనా ఉకాయ్’ అని అడగలేదు.” ఆ మాట అంటున్నప్పుడు కాస్త నవ్వు కూడా వచ్చిందాయనకి. వెంటనే మింగేశాడు. “టైపు చేసి ఈ మెషీన్లోనే ఉంచు. టోక్యోకి పంపకు. అర్థమైందా?”

అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకోగలిగితే బాగుండేది.

టైపు చేస్తుంటే మెషీను రెండుసార్లు బిగుసుకుపోయింది. పద్దెనిమిదిన ఇదే జరిగితే? అందరికన్నా ముందు తెలుసుకుని మళ్ళీ అందరి వెనకాలే నిలబడతాడు. అప్పుడు నాకో తెలివైన ఆలోచన వచ్చింది. టోక్యో వాళ్ళ కొత్త సిస్టంలో ‘ఆగినవి’ అని ఒక ట్రే ఉంది. అందులో పెడితే, పంపినవాడు బటన్ నొక్కేదాకా కదలదని మాన్యువల్లో రాసుంది. నేను మాన్యువల్ చదివే మనిషిని. సమయం వచ్చినప్పుడు నాన్న ఒక్క వేలితో ఒక్క బటన్ నొక్కితే చాలు. అందరికన్నా ముందు ఉంటాడు. అప్పుడు నా ముఖం చూసి ‘బాగుంది’ అని ఒక్క మాట అనక తప్పదు. ఇదీ నా అసలు లెక్క. ఆరుగురు మనుషులు ఆ లెక్కలో లేరు.

ట్రే సున్నాలు తీసుకోలేదు. తేదీ ఉండాల్సిన గడిలో తేదీయే ఉండాలంది, సమయం దగ్గర సమయమే ఉండాలంది. ఎర్ర గీతలు చూపించింది. రాయబార కార్యాలయం వాళ్ళు ఇచ్చిన కాగితంలో చూసి నింపేశాను. పద్దెనిమిది. పొద్దున పదకొండు. కునాషిర్‌కి పడమర. మూడూ నింపగానే ఎర్ర గీతలు పోయాయి. పోయినందుకు సంతోషించాను కూడా.

పద్దెనిమిదో తేదీ పొద్దున్న ఏడూ నలభైకి నేను బల్ల దగ్గర అన్నం తింటున్నాను. నాన్న స్నానాల గదిలోంచి బనీనుతో, సగం ముఖానికి నురగతో, చేతిలో ఫోన్‌తో వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

“సున్నాలేవి?”

“ఏ సున్నాలు?” అన్నాను, తెలిసే.

“టోక్యోలో మధ్యాహ్నం దాటింది, సాయంత్రం పేపరు అచ్చయిపోయింది. మొదటి పేజీలో. ఆరుగురూ విడుదలయ్యారట. నేనే రాశానట. సున్నాలేవి?”

“ట్రేలో పెట్టానంతే. అది కదలకూడదు నాన్నా. బటన్ నొక్కితే గానీ…”

“ఎవరు నొక్కితే?”

“మీరు.”

“నేను గడ్డం గీసుకుంటున్నాను.”

వంటింట్లోంచి అమ్మ, “ఏవండీ, పులుసు చల్లారిపోతోంది,” అంది.

మాన్యువల్ చదివింది నేనొక్కదాన్నేనని తర్వాత తెలిసింది. టోక్యో డెస్కులో వాళ్ళకి ‘ఆగినవి’ ట్రే అంటే, మాస్కో వాళ్ళు పెట్టి మర్చిపోయినవి. పేపరు అచ్చుకి పది నిమిషాలుందనగా ఎవరో అందులో చూశారు. ఉకాయ్ రాసిన వార్త. ఇవాళ్టి తేదీ. ఎక్కడా సున్నా లేదు. ఫోన్ చేసి అడగాల్సిన అవసరం వాళ్ళకి కనిపించలేదు. ఇరవై రెండేళ్ళుగా కనిపించలేదు మరి.

అక్కడ దీవిలో ఆ రోజు బయల్దేరడం మధ్యాహ్నానికి వాయిదా పడిందట. పొగమంచు. ఈలోగా ఈ పేపరు వాళ్ళకి చేరింది. ఇంకా చెయ్యని పనిని చేసేశామని జపాన్ వాళ్ళు అచ్చేశారేంటి, లోపలి మాట ఎవడు మోశాడు అని పైనుంచి ఫోన్లు. తొమ్మిదింటికి జినైదా వచ్చి, చేతిసంచి కూడా దింపకుండా చెప్పింది.

“పడవ తాళ్ళు విప్పారట. మళ్ళీ కట్టేశారట.”

ఆ రోజు ఆవిడ కత్తెర తియ్యలేదు. దీవుల పేరు మీద గొడవ కూడా జరగలేదు.

పదకొండింటికి ఫోన్ మోగింది. నాన్న లేచి నిలబడ్డాడు. ఇటువైపు మాటలే మాకు వినపడ్డాయి. “అవునండీ… నా తప్పేనండీ… లేదండీ, ఎప్పుడో తెలీదండీ… కాదండీ… అవునండీ.” మాట మాటకీ ఫోన్‌కి వంగి దణ్ణం పెడుతూనే ఉన్నాడు. నాలుగు నిమిషాలు. గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను కాబట్టి తెలుసు.

మర్నాడు విలేకర్ల సంఘం తరఫున ముగ్గురొచ్చారు. ముప్పై డిగ్రీల ఎండలో నల్ల సూట్లు వేసుకుని. వాళ్ళకి పెద్ద నెజు గారు, వేరే పత్రికాయన. పదిహేనేళ్ళుగా అమ్మ పెట్టిన ఊరగాయ ముల్లంగి సీసాల కొద్దీ పట్టుకెళ్ళిన మనిషి. ఆ రోజు అమ్మ వైపు తలెత్తి చూడలేదు.

“ఉకాయ్ గారూ, సంఘం తీర్మానం. చదివి వినిపించమంటారా?”

“వినిపించండి. భాష ఎవరిదో చూద్దాం.”

నెజు గారు చదివారు. మూడు నెలలు రాయబార కార్యాలయం సమావేశాలకి రాకూడదు. సంఘంలో ఎవరూ ఆయనతో వార్తలు పంచుకోకూడదు. ఇంకా ఏవో ఉన్నాయి. నాన్న కళ్ళు మూసుకుని విన్నాడు.

“రెండో వాక్యం మరీ పొడుగ్గా ఉంది,” అన్నాడు.

“మీకిది వేళాకోళంగా ఉందా? అక్కడ ఆరుగురు మనుషులున్నారు.” నెజు గారి మెడ ఎర్రబడింది. కాగితం మడిచి బల్ల మీద పెట్టారు. “ఒక్కటడుగుతాను. ఇది మీరు పంపి ఉంటారంటే నేను నమ్మలేకపోతున్నాను. మీ ఆఫీసులో కొత్తగా ఎవరో కంప్యూటర్ల దగ్గర కూర్చుంటున్నారని విన్నాం.”

నేను టీ పళ్ళెంతో అక్కడే నిలబడి ఉన్నాను. నోరు తెరిచాను.

“టీ చల్లారింది,” అన్నాడు నాన్న, నా వైపు చూడకుండా. “మార్చి తీసుకురా.”

టీ అప్పుడే పోశాను. కప్పుల మీద పొగ లేస్తోంది. ఆ పొగ నెజు గారూ చూశారు, మిగతా ఇద్దరూ చూశారు. నేను పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. గోడ అవతల నుంచి, “నేనే పంపాను,” అని వినపడింది. తర్వాత చెక్క నేల కిర్రుమంది. వంగినట్టున్నాడు. చాలాసేపటికి గానీ మళ్ళీ కిర్రుమనలేదు.

అదే టీ తిరిగి తెచ్చేసరికి వాళ్ళు బూట్లేసుకుంటున్నారు.

“ఎందుకలా చెప్పారు?” అని అడిగాను, తలుపు పడ్డాక.

“నీ కోసం అనుకుంటున్నావా?”

“మరి?”

“ఉకాయ్ తొందరపడ్డాడంటే తిడతారు, రెండేళ్ళకి మర్చిపోతారు. ఉకాయ్ తన ముందురాతని పనీపాటా లేని కూతురి చేతిలో పెట్టాడంటే, ఇరవై రెండేళ్ళూ ఇలాగే చేశాడా అంటారు. నిన్ను చెప్పుకోవడం కన్నా తప్పు చెప్పుకోవడమే నాకు తక్కువ నామోషీ.”

“నేను వెళ్ళి నెజు గారికి చెబుతాను.”

“వెళ్ళు. నీ గుండె తేలిక చేసుకో. ఇప్పుడు నేను అబద్ధాలకోరుని కూడా అవుతాను. వెళ్ళు, ట్రామ్ ఎక్కడ ఆగుతుందో తెలుసుగా?”

నేను వెళ్ళలేదు. అదీ ఒప్పుకోవాల్సిందే కాబట్టి చెబుతున్నాను.

ఆ వారంలోనే జినైదాని రష్యా ప్రభుత్వ ఆఫీసు ఒకదానివాళ్ళు పిలిపించారు. మూడు గంటలు కుర్చీలో కూర్చోబెట్టి, ఈ వార్త మీ జపాన్ ఆయనకి ఎవరు మోశారని అడిగారట. తిరిగొచ్చి నేరుగా నా దగ్గరికొచ్చింది.

“అమ్మాయ్, ఇకనుంచి నా గదిలో ఏ మీటా ముట్టుకోకు.”

“మీకెలా తెలుసు?”

“గుడ్డిదాన్నా? ఆయన సున్నాలు కంపాసు పెట్టి గీసినట్టుంటాయి. పందొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను. ఒంట్లో జ్వరం ఉన్నా వాటిని చెరపడు.”

“ఎవరికైనా చెప్పారా?”

“నన్ను కుర్చీలో కూర్చోబెట్టి అడిగేవాళ్ళకి నేనేదీ చెప్పను. నిజం అసలే చెప్పను.” సిగరెట్ వెలిగించింది. “ఆయన పోతే కొత్తాయన వస్తాడు. ఇంగ్లీషులో నవ్వుతాడు. దీవులు ఎవరివైనా ఒకటే అంటాడు. నేనెవరితో పోట్లాడాలి? నీతోనా? నీకు ఆ దీవుల పేర్లు కూడా రావు.”

రావు. అప్పటికి రెండే వచ్చు.

జూలై నెలాఖరున టోక్యో జవాబు వచ్చింది. కుదరదని కూడా రాయలేదు. సెప్టెంబరు ఒకటిన టోక్యోలో చేరమని రాశారు, అంతే. ఆ మధ్యాహ్నమే అమ్మ అటక మీంచి పెట్టెలు దింపింది. గాజు గ్లాసులు పాత పేపర్లలో చుడుతూ ఏదో పాట కూనిరాగం తీస్తోంది. తీస్తున్నట్టు ఆవిడకే తెలీదు.

“సంతోషమా?” అన్నాడు నాన్న గుమ్మంలోంచి.

“గ్లాసులు చుడుతున్నానండీ.”

“అది కాదు అడిగింది.”

“ఆరేళ్ళుగా నన్నేమీ అడగలేదు. ఇవాళ ఒక్క రోజు అడిగితే ఏం చెప్పను?” అంది అమ్మ. పాట మాత్రం ఆగిపోయింది.

పద్దెనిమిదో తేదీ తర్వాత కూడా హమయా గారి భార్య ఫోన్లు ఆపలేదు. ఆపి ఉంటే బాగుండునని అందరం అనుకున్నాం. ఆగస్టు మొదటి వారంలో ఒక రోజు పదకొండింటికి నాన్న లేడు, ఏవో సంతకాలకి వెళ్ళాడు. జినైదా ఫోన్ వైపు చూసింది, నా వైపు చూసింది, లేచి వరండాలోకి పోయింది. నేను తీశాను. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను.

“ఉకాయ్ గారు లేరండీ. నేను ఆయన కూతుర్ని, నగిసా.”

“అలాగా. ఏమైనా తెలిసిందా అమ్మా?”

“లేదండీ.” ఆవిడ ఫోన్ పెట్టేయబోతోంది. “ఒక్క నిమిషం ఉండండి. ఆ వార్త… అది పంపింది మా నాన్న కాదు. నేను. ఆయన వద్దన్నాడు, అయినా నేనే తేదీ వేసి పెట్టాను. నేనే చేశాను.”

ఫోన్లో అవతల ఎక్కడో సముద్రపు పక్షులు అరుస్తున్నాయి. కిటికీ తెరిచి ఉన్నట్టుంది.

“మీ నాన్నగారు తనే చేశానన్నారు,” అంది ఆవిడ. గొంతులో కోపం లేదు, అదే కష్టంగా ఉంది. “ఇప్పుడు నువ్వు నువ్వే అంటున్నావు. మీ ఇంట్లో ఎంతమంది చేస్తే నాకేంటమ్మా? మా ఆయన ఇంటికి రాలేదు. రేపు ఇదే టైముకి చేస్తాను. మీ నాన్నగార్ని తియ్యమను.”

పెట్టేసింది. నేను ఇంకా నిలబడే ఉన్నాను. ఒప్పుకుంటే ఎదుటివాళ్ళు ఏదో ఒకటి ఇస్తారని, తిట్టో మన్నింపో, అప్పటిదాకా అనుకునేదాన్ని. ఆవిడ దగ్గర నాకు ఇవ్వడానికి ఏమీ లేదు. ఎందుకుండాలి?

ఆగస్టు పదమూడున ఆరుగుర్నీ వదిలారు. ఇరవై ఆరు రోజులు ఆలస్యం. సంఘం వాళ్ళు నాన్నకి చెప్పకూడదు కాబట్టి చెప్పలేదు. జినైదా తనకి తెలిసిన ఎవరెవరికో తొమ్మిది ఫోన్లు చేసి తెలుసుకుంది.

“ఎన్ని గంటలకి దాటారు?” నాన్న అడిగాడు.

“రెండూ పదికి.”

“సరిగ్గా?”

“ఉకాయ్ గారూ, నేను పడవలో లేను. రెండూ పది.”

“ఇంకొకర్ని అడగండి.”

అడిగింది. రెండూ పదే. నాన్న తన రెండు వేళ్ళతో నాలుగు వాక్యాల వార్త టైపు చేసి తనే పంపాడు. మెషీను బిగుసుకుపోలేదు, నేనప్పటికే బాగు చేశాను. ఐదు నిమిషాలకి టోక్యో నుంచి ఫోన్ వచ్చింది. స్పీకరు ఆన్‌లోనే ఉంది. డెస్కులో ఎవరో కుర్రాడు, చాలా మర్యాదగా అడిగాడు.

“ఉకాయ్ గారూ, క్షమించాలి. ఇది జరిగిందేనా అండీ?”

జినైదా కిటికీ వైపు తిరిగిపోయింది. నేను కీబోర్డులోని దుమ్ము చూస్తున్నాను.

“జరిగిందే,” అన్నాడు నాన్న. ఇంకోసారి, కొంచెం నెమ్మదిగా, “జరిగిందే.”

మర్నాడు పదకొండింటికి ఫోన్ మోగలేదు. నాన్న మాత్రం పదకొండుకి ఐదు నిమిషాల ముందే కుర్చీ వెనక్కి జరిపి పెట్టుకున్నాడు.

టోక్యోలో ఆయనకి పాఠకుల ఫిర్యాదుల ఫోన్లు తీసే విభాగంలో కుర్చీ వేశారు. ఇంటికి ఆరింటికే వస్తాడు. మధ్యలో గోడ లేదు, చీటీ తొయ్యడానికి తలుపూ లేదు. “దేశానికి పోతే చాలని ఆరేళ్ళు మొక్కుకున్నాను,” అంది అమ్మ నాతో, ముల్లంగి తరుగుతూ. “ఈయన్ని కూడా తోడిచ్చి పంపుతారనుకోలేదు.” నాకు పక్కనే కవాసాకి ఊళ్ళో ఉద్యోగం దొరికింది, వేరే ఇల్లు తీసుకున్నాను. నెలకోసారి వెళ్తాను. ముగ్గురం టీవీ చూస్తాం.

పోయిన నెల వెళ్ళినప్పుడు నాన్న పాత స్నేహితులు ఇద్దరొచ్చి ఉన్నారు. మాస్కో ఎందుకు వదిలేశావని ఎవరో అడిగారు. “రష్యా వాళ్ళకి నేనంటే గిట్టలేదు,” అన్నాడు నాన్న, బీరు పోస్తూ. “వాళ్ళు దాచాలనుకున్నవన్నీ రాశాను కదా, ఓపిక పట్టి పట్టి చివరికి సాగనంపారు.” అందరూ తలలూపారు. ఒకాయన గ్లాసెత్తాడు కూడా. కథ బాగా నలిగింది, ఎక్కడా తడబడకుండా చెప్పాడు. చాలామందికి చెప్పి ఉంటాడు.

“నాన్నా, అది అలా కాదు…” అన్నాను.

గ్లాసు బల్ల మీద పెట్టి నా వైపు తిరిగాడు. ఆ వేసవి తర్వాత అంత సూటిగా నన్ను చూడటం అదే మొదటిసారి.

“రష్యా గురించి నీకేం తెలుసు? మూడు నెలలున్నావు.”

అందరూ నవ్వారు. అమ్మ కూడా. నేను చేసిన ఒకే ఒక్క పెద్ద పని అది, అది కూడా ఇప్పుడు రష్యా వాళ్ళ ఖాతాలో ఉంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను, నా పేరుతో.

ఇప్పుడు మీ వంతు. మీరు చేసిన తప్పుని ఇంకొకళ్ళు ఎత్తుకుని, తిరిగి మీకివ్వకుండా కూర్చున్నారా ఎప్పుడైనా? ఒప్పుకోడానికి వెళ్తే అవతలివాళ్ళు ఏమన్నారు? కింద రాయండి, అన్నీ చదువుతాను. చివరికి కావలించుకుని ఏడ్చినవి మాత్రం వద్దు, అవి నాకు నమ్మకం కుదరదు. ఫోన్ పెట్టేసినవాళ్ళవి రాయండి.